ఎక్స్ విలువ కనుక్కుని ఏం చేసుకోవాలి?

ఈ ప్రశ్న ప్రతి ఏడాదీ ఏదో ఒక క్లాసులో పుడుతుంది. లెక్కల మాస్టారు బోర్డు మీద వర్గ సమీకరణం సగం దాకా చేసి, సుద్దముక్క మార్చుకోవడానికి ఇటు తిరిగినప్పుడు చివరి బెంచీ నుంచి వస్తుంది. "సార్, ఈ ఎక్స్ విలువ కనుక్కుని మేం ఏం చేసుకోవాలి?" క్లాసంతా గొల్లుమంటుంది. మాస్టారి దగ్గర మూడు జవాబులుంటాయి. మనసు బాగుంటే "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అంటారు. సిలబస్ వెనకబడి ఉంటే "పరీక్షలో వస్తుంది, రాసుకో" అంటారు. రెండూ కాకపోతే, "ముందు నువ్వు లేచి నిలబడు."

మూడూ జవాబులు కావు. అయితే అడిగిన కుర్రాడికి నిజంగా జవాబు కావాలా అన్నది ఇంకో సంగతి. గమనించి చూడండి, ఆ లెక్క చేయడం వచ్చిన పిల్లలు ఈ ప్రశ్న దాదాపుగా అడగరు. అరుగు మీద కేరమ్స్ ఆడేటప్పుడు రెడ్ కాయిన్ వేసి ఏం చేసుకోవాలని ఎవరైనా అడిగారా? చేతనైన పనికి ప్రయోజనం వెతకం. చేతకానిదాన్నే నిలబెట్టి సంజాయిషీ అడుగుతాం.

కాబట్టి ఆ ప్రశ్న కింద ఇంకో ప్రశ్న ఉంది. పైకి వినిపించేది "ఈ పాఠం దేనికి పనికొస్తుంది?" అని. లోపలిది "నాకిది రావడం లేదు, వదిలేస్తే ఏమవుతుంది?" అని. ముందు పైదానికి జవాబు చెప్పి, తర్వాత అసలుదాని దగ్గరకు వెళదాం.

నోటు తిరగరాసిన రోజు

మన ఊళ్లలో అప్పు "రెండు రూపాయల వడ్డీ"కి తెచ్చామంటారు. నెలకు నూటికి రెండు. బ్యాంకువాళ్లు 12 శాతం అంటే అమ్మో అనే మనిషికి కూడా రెండు రూపాయలు చిన్నమాటగానే వినిపిస్తుంది. లెక్కేస్తే అది ఏడాదికి 24 శాతం. పైగా "మాది బారువడ్డీయే, చక్రవడ్డీ పాపం మేం మూటగట్టుకోం" అని ఇచ్చినవాళ్లు చెబుతారు, తెచ్చుకున్నవాళ్లు నమ్ముతారు.

ఇప్పుడు ప్రామిసరీ నోటు సంగతి చూడండి. దాని మీద కోర్టుకు వెళ్లడానికి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లు. గడువు దగ్గర పడుతుండగా కబురు వస్తుంది, "ఓసారి వచ్చి నోటు తిరగరాసిపోండి" అని. 50 వేల అసలు మీద మూడేళ్ల వడ్డీ 36 వేలు. చేతిలో డబ్బు లేదు కాబట్టి రెండూ కలిపి 86 వేలకు కొత్త నోటు. సంతకం పడిన క్షణంలో వడ్డీ కాస్తా అసలైపోయింది. ఇంకో మూడేళ్లకు ఆ 86 వేల మీద వడ్డీ 61,920. మొత్తం బాకీ 1,47,920 రూపాయలు. నోటు తిరగరాయకుండా మొదటి 50 వేలకే ఆరేళ్లూ బారువడ్డీ కట్టి ఉంటే 1,22,000తో పోయేది. తేడా దగ్గర దగ్గర 26 వేలు. పేరు బారువడ్డీ, నడక చక్రవడ్డీది.

ముందుగదిలో ఆ సంతకం జరుగుతున్నప్పుడు లోపలి గదిలో ఆ ఇంటి పిల్ల చక్రవడ్డీ అభ్యాసమే చేస్తూ ఉండొచ్చు. పుస్తకంలో రాజు అనే వ్యక్తి ఒక బ్యాంకులో కొంత సొమ్ము దాచాడని ఉంటుంది. ఆ రాజుకీ తన తండ్రికీ సంబంధం ఉందని ఆ పిల్లకు తోచదు, మనం చెప్పం.

ఇంకొకటి ఇంటి స్థలం. నాలుగు వైపులా కొలతలు వేరుగా ఉన్న స్థలానికి చాలాచోట్ల ఒక మోటు లెక్క వేస్తారు. ఎదురెదురు వైపుల సగటు తీసి, రెండు సగటులనూ గుణిస్తారు. ఉత్తరం 60 అడుగులు, దక్షిణం 52, తూర్పు 25, పడమర 39 అనుకుందాం. సగటులు 56, 32. గుణిస్తే 1,792 చదరపు అడుగులు. ఇప్పుడు అదే టేపుతో వాయవ్య మూల నుంచి ఆగ్నేయ మూలకు ఏటవాలుగా కూడా ఒకసారి కొలవండి. 65 అడుగులు వచ్చింది. స్థలం రెండు త్రిభుజాలైంది. మూడు భుజాలూ తెలిసిన త్రిభుజానికి హైస్కూలు లెక్కల్లోని హెరాన్ సూత్రం ఉండనే ఉంది. ఒక త్రిభుజం 750, రెండోది 1,014. కలిపితే 1,764 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 196 గజాలు. మోటు లెక్క మూడు గజాలు పెంచి చూపించింది. గజం 30 వేలున్న చోట 90 వేల పైమాటే. స్థలం చక్కటి దీర్ఘచతురస్రం కానప్పుడల్లా ఈ సగటు లెక్క ఎక్కువే చూపిస్తుంది, ఒక్కసారి కూడా తక్కువ చూపించదు. అమ్మేవాళ్లకు అదంటే ఎందుకు ముద్దో వేరే చెప్పక్కర్లేదు. వాస్తు కోసం వాయవ్యం, ఆగ్నేయం అన్నీ చూసుకునే మనం ఆ రెండు మూలల మధ్య టేపు పట్టడం మరిచిపోతాం.

సరే, అన్ని పాఠాలూ ఇలా డబ్బులోకి దిగవు. గణవిభజన వచ్చినంత మాత్రాన ఎవరూ జీతం ఇవ్వరు. త్రికోణమితిలోని సర్వసమీకరణాలు నూటికి తొంభైమందికి పరీక్ష హాలు గుమ్మం దాటాక మళ్లీ ఎదురుకావు. సిలబస్‌లో కొంత చెత్త కూడా ఉంది. ఎప్పుడో ఎవరో పెట్టారు, తీసేసే ధైర్యం తర్వాతివాళ్లకు లేకపోయింది. ఇది ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. కానీ ఏది చెత్తో ముందే తేల్చడం అంత సులువు కాదు. రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీ అంతటివాడు 1940లో అచ్చయిన తన పుస్తకంలో, తాను చేసిన గణితం లోకానికి ఏ అక్కరకూ రాలేదని గర్వంగా రాసుకున్నాడు. ఆయనకు ప్రాణమైన సంఖ్యాశాస్త్రంలోని ప్రధాన సంఖ్యల మీదే 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ అనే ముగ్గురు రహస్య సంకేతాల పద్ధతి ఒకటి కట్టారు. ఇంటర్నెట్‌లో డబ్బు భద్రంగా చేతులు మారడానికి దశాబ్దాలపాటు అదో పెద్ద ఆధారం. దీన్ని పట్టుకుని ప్రతి పాఠమూ ఏదో ఒకరోజు మీకు కోట్లు కురిపిస్తుందని వేదికల మీద చెప్పేవాళ్లున్నారు, అది మాత్రం నమ్మకండి.

"ఇవన్నీ కాదండీ, బడిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టడం నేర్పాలి, బ్యాంకు ఫారాలు నింపడం నేర్పాలి" అని ఈమధ్య ఒక వాదన బాగా తిరుగుతోంది. వినడానికి బాగుంటుంది. కానీ 2010లో ఎవరైనా పిల్లలకు అమ్మకపు పన్ను లెక్కలు కూర్చోబెట్టి నేర్పి ఉంటే, 2017 జులై 1న జీఎస్టీ రాగానే ఆ చదువు అటకెక్కేది. డీడీ తీయడం నేర్చుకున్నవాళ్ల ముందుకు 2016లో యూపీఐ వచ్చింది. కంప్యూటర్ క్లాసులో డాస్ కమాండ్లు బట్టీ పట్టిన తరం ఇంకా మన మధ్యే ఉంది, అడిగి చూడండి. ఈరోజుకి అచ్చంగా పనికొచ్చే చదువు రేపటికి పాతబడిపోతుంది. శాతాలు పాతబడలేదు. చదివి అర్థం చేసుకోవడం పాతబడలేదు.

చివరి పేజీ

ఇప్పుడు ఒక చిక్కు. పైన నేను చెప్పిన వడ్డీ లెక్క, స్థలం లెక్క చదివి మీకు లెక్కల మీద ప్రేమ పుట్టుకొచ్చిందా? వచ్చి ఉండదు. అవి నేను వెతుక్కున్న ఉపయోగాలు, మీవి కావు.

అమెరికాలో క్రిస్ హల్లెమన్, జుడిత్ హారకీవిచ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు హైస్కూలు సైన్సు విద్యార్థులతో ఒక ప్రయోగం చేసి 2009లో ప్రచురించారు. కొందరు పిల్లలు అప్పుడప్పుడూ పాఠం సారాంశం రాయాలి. మిగతావాళ్లు ఆ పాఠానికీ తమ బతుకుకీ ఉన్న సంబంధం ఏమిటో సొంతంగా రాయాలి. అంతే తేడా. "సైన్సు నాకు వస్తుంది" అని ముందే నమ్మకమున్న పిల్లల్లో పెద్ద మార్పేమీ రాలేదు. "నావల్ల కాదు" అనుకున్న పిల్లల్లో మాత్రం, సంబంధం వెతికి రాసినవాళ్లకు ఆసక్తీ పెరిగింది, మార్కులూ పెరిగాయి. అదే ఉపయోగాన్ని పెద్దవాళ్లు ఉపన్యాసంలా వినిపిస్తే, నమ్మకం లేని పిల్లలు ఇంకా బిగుసుకుపోవడం కూడా తర్వాతి పరిశోధనల్లో కనిపించింది. "ఇంత ముఖ్యమైంది కూడా నాకు రావట్లేదే" అని కాబోలు.

కాబట్టి మాస్టారిని అడగడం మానేసి మీరే రాయండి. నోటుబుక్కు చివరి పేజీలు ఎలాగూ పెన్ను పడుతోందో లేదో చూడ్డానికి, ఆటల స్కోర్లకు పోతుంటాయి. వారానికి ఒక పాఠం, నాలుగైదు వాక్యాలు. పొలం ఉన్న ఇంటి పిల్లవాడైతే యూరియా బస్తా దగ్గరకు వెళ్లొచ్చు. బస్తా మీద నత్రజని 46 శాతం అని ఉంటుంది. ఆ అంకె ఎక్కడిది? యూరియా అణువులో నత్రజని పరమాణువులు రెండు, ఒక్కోటి 14, కలిపి 28. అణువు మొత్తం భారం 60. 28ని 60తో భాగించి నూటితో గుణిస్తే 46.67. రసాయన శాస్త్రంలో "శాత సంఘటనం కనుక్కోండి" అని బెదిరించే ప్రశ్న అచ్చంగా ఇదే. 45 కిలోల బస్తా మోసుకొస్తే పొలంలోకి వెళ్లే నత్రజని దాదాపు 21 కిలోలే అని ఆ పిల్లవాడు ఇంట్లో చెప్పగలడు. పట్నంలో ఉండే అమ్మాయికి కరెంటు బిల్లు ఉంది. 75 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్. ఇత్తడి బిందెను అమ్మ చింతపండుతోనే ఎందుకు తోముతుందో ఆమ్లాల పాఠం చదివినవాళ్లు రాయొచ్చు.

ఎంత వెతికినా ఏమీ తోచని పాఠం ఉంటే "నాకేమీ కనపడలేదు" అని నిజాయితీగా రాసెయ్యండి. ఆ వాక్యానికీ ఆ పేజీలో చోటుంది.

రానిచోటికి దిగడం

ఇక లోపలి ప్రశ్న, "నాకిది రావడం లేదు" అన్నది. ఏడాదికోసారి కాలేజీకి ఒక మోటివేషన్ స్పీకర్ వస్తారు. ఆడిటోరియం నిండిపోతుంది. ఐన్‌స్టీన్ లెక్కల్లో ఫెయిలయ్యాడని చెబుతారు (అవ్వలేదు. 16 ఏళ్లకే జ్యూరిక్ పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష రాసి మిగతా సబ్జెక్టుల్లో దెబ్బతిన్నాడు, లెక్కలూ ఫిజిక్సూ బ్రహ్మాండంగా చేశాడు). చప్పట్లు మోగుతాయి. కొందరు ఆ రాత్రే రంగురంగుల స్కెచ్ పెన్నులతో టైంటేబుల్ గీసి గోడకు అతికిస్తారు. సోమవారానికి టైంటేబుల్ గోడ మీదే ఉంటుంది, మనిషి ఉండడు. ఇలాంటి పుస్తకాలు కూడా చాలాసార్లు ఆ పనే చేస్తాయి. ఇది చదివి ఈ రాత్రి టైంటేబుల్ గీయకండి.

ఉత్సాహం వచ్చాక మొదలుపెడదామని కూర్చునేవాళ్లకు అది రాదు. ఒక లెక్క తెగినప్పుడు రెండో లెక్క మీదికి చెయ్యి దానంతట అదే పోతుంది. మనం ఉత్సాహం అని పిలిచేదంతా దాదాపుగా ఇదే. కాబట్టి మీకు కావాల్సింది ప్రేరణ కాదు, తెగే లెక్క. అది మీ తరగతి పుస్తకంలో లేకపోతే కిందితరగతి పుస్తకంలో వెతుక్కోవాలి.

పదో తరగతి పిల్లవాడొకడు సమీకరణం దగ్గర ఆగిపోయాడు. సమీకరణాలంటే భయమనుకుని గైడు తెచ్చారు, ట్యూషన్ పెట్టారు. అతని నోటుబుక్కు పట్టుకుని వరసగా చూసుకుంటూ వస్తే తప్పు ఒకేచోట ఉంది. ఏడులోంచి బ్రాకెట్‌లోని (ఎక్స్ మైనస్ 3) తీసేయమంటే అతను "7 మైనస్ ఎక్స్ మైనస్ 3" అని రాస్తున్నాడు. బ్రాకెట్ ముందున్న మైనస్ లోపలి మైనస్‌ను ప్లస్ చేస్తుంది, 10 మైనస్ ఎక్స్ రావాలి. అతనికి 4 మైనస్ ఎక్స్ వస్తోంది. ఆ తర్వాత ఎన్ని మెట్లు పద్ధతిగా ఎక్కినా జవాబు తప్పే. ఏడో తరగతి నాటి జబ్బుకు పదో తరగతి మందు వేస్తున్నారన్నమాట. అలాంటివి ఒక నలభై, రోజుకు పదేసి చొప్పున చేస్తే వారం తిరక్కుండా పోయే తప్పు అది. "నాకు లెక్కలు రావు" అనే మాట వెనక చాలాసార్లు ఇంత చిన్న రాయే ఉంటుంది.

మన దేశంలో ప్రథమ్ అనే సంస్థ బడిపిల్లలతో చాలా ఏళ్లుగా చేస్తున్నది ఇదే. పిల్లల్ని ఏ తరగతి అని చూడకుండా, ఎంతవరకు వచ్చు అని చూసి, ఆ మేరకు గుంపులు చేసి అక్కడి నుంచి చదవడం, లెక్కలు నేర్పిస్తారు. మీరు ఇంట్లో ఒంటరిగా ఇదే చేయొచ్చు. ఇబ్బందల్లా సిగ్గు. ఇంటర్ చదివేవాడు ఆరో తరగతి భిన్నాల పుస్తకం పట్టుకుంటే ఎవరైనా చూస్తారేమోనని. అట్ట వేసుకోండి.

చదివినట్టే ఉంది

నిజంగా కష్టపడి చదివీ మార్కులు రానివాళ్లు ఇంకొందరు. వీళ్ల సంగతి ఇంకా జాలి, ఎందుకంటే వీళ్లకు బద్ధకం లేదు. పుస్తకం చేత్తో పట్టుకుని వరండాలో పచార్లు చేస్తూ అదే పేజీ ఆరుసార్లు చదువుతారు. నాలుగోసారికే పేజీ పరిచయమైపోతుంది. ఏ బొమ్మ ఏ మూలన ఉందో కూడా గుర్తుంటుంది. "వచ్చేసింది" అనిపిస్తుంది. పరీక్షలో తెల్లకాగితం ముందు కూర్చుంటే బొమ్మ ఉన్న మూల గుర్తొస్తుంది కానీ అందులో ఏముందో గుర్తురాదు. ఇలా రెండు పరీక్షలు పోగానే "చదివినా ఇంతే" అనే నిర్ణయానికి వచ్చేస్తారు. పద్ధతిలోని లోపం మనిషి లోపంగా మారిపోతుంది.

రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగం ప్రతి స్టడీ అవర్ గోడ మీదా అంటించాల్సింది. విద్యార్థులకు చిన్న పాఠం ఇచ్చారు. కొందరు రెండోసారి కూడా చదివారు. మిగతావాళ్లు ఒకసారి చదివి, రెండోసారి చదవకుండా గుర్తున్నదంతా కాగితం మీద పెట్టారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవాళ్లే ముందున్నారు, 81 శాతం, రాసినవాళ్లు 75. వారం తర్వాత పరీక్షిస్తే చదివినవాళ్లకు 42 శాతం మిగిలింది, రాసినవాళ్లకు 56. అంటే ఆ పూటకు చదువే గెలిచినట్టు కనిపిస్తుంది. అందుకే అందరం మోసపోతాం.

మన పాతకాలపు బడుల్లో అప్పజెప్పడం అని ఉండేది. ఎక్కాలు, పద్యాలు పుస్తకం మూసి పంతులుగారికి ఒప్పజెప్పాలి. అర్థం తెలియకుండా వల్లె వేయించడం అందులో చెడ్డ సగం, బెత్తం ఇంకా చెడ్డది. పుస్తకం మూయించడం మాత్రం అసలైన గుట్టు. బట్టీ చదువును తిట్టి తిట్టి మనం చెడుతోపాటు ఆ మంచి సగాన్నీ పారేశాం. ఒక పేజీ చదవండి, పుస్తకం మూయండి, ఖాళీ కాగితం మీద గుర్తున్నది మీ సొంత మాటల్లో పెట్టండి, తెరిచి చూసుకోండి. మొదటి రోజు కాగితం సగం కూడా నిండదు, చాలా చిరాకేస్తుంది. ఆ చిరాకు చదువు ఎక్కుతున్న గుర్తే. వినేవాళ్లుంటే ఇంకా మంచిది. అమ్మమ్మకు కిరణజన్య సంయోగక్రియ చెప్పి చూడండి, మీకు ఎక్కడ తెలియదో మూడు ప్రశ్నల్లో ఆవిడ బయటపెట్టేస్తుంది.

వార్డెన్ లేని రోజు

క్రమశిక్షణ అనగానే మన రెండు రాష్ట్రాల్లో గుర్తొచ్చేది రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ. తెల్లవారకముందే బెల్లు, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, ఫోను లేదు. రెండేళ్లు అచ్చు గడియారంలా నడిచిన పిల్లవాడు ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి సెమిస్టర్‌లోనే మూడు సబ్జెక్టులు పోగొట్టుకుంటాడు. "అంత బాగా చదివేవాడు, ఏమైంది?" అని ఇంట్లోవాళ్లు తలపట్టుకుంటారు. ఏమీ కాలేదు. ఆ క్రమశిక్షణ వార్డెన్‌ది, పిల్లవాడిది కాదు. బెల్లు కొట్టేవాళ్లు లేకపోతే ఏం చేయాలో అతనికి ఎవరూ నేర్పలేదు.

సొంత క్రమశిక్షణకు ఉక్కు సంకల్పం అక్కర్లేదు, చిన్న ఏర్పాటు చాలు. "రేపటి నుంచి బాగా చదువుతాను" అన్నది కోరిక. "రాత్రి అన్నం తిని కంచం కడిగాక, మేడమీది గదిలో కూర్చుని, ఫిజిక్స్‌లో కాంతి పరావర్తనం లెక్కలు ఐదు చేస్తాను" అన్నది ఏర్పాటు. ఏ పని తర్వాత, ఎక్కడ, ఏం చేయాలో ముందే తేల్చి పెట్టుకున్నవాళ్లు అనుకున్నది ఎక్కువసార్లు చేసి చూపిస్తారని జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్, ఆయన దారిలో నడిచిన మరెందరో చూపించారు. అప్పుడు కంచం కడగడమే బెల్లు అవుతుంది. ఐదు లెక్కలు మరీ తక్కువ కదా అంటారేమో. తక్కువే ఉండాలి. ఒంట్లో బాగోలేని రోజు, పెళ్లి నుంచి అలసిపోయి వచ్చిన రోజు కూడా చేయగలిగినంతే పెట్టుకోండి. ఐదు అయ్యాక పదిహేను చేస్తే మీ ఇష్టం, కానీ రేపటి లెక్క మళ్లీ ఐదే.

ఫోను ఎదురుగా పెట్టుకుని "చూడను" అని ఒట్టు వేసుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ యాప్‌లు చేసినవాళ్లకు మీ చెయ్యి ఎప్పుడు అటు పోతుందో మీకంటే బాగా తెలుసు. ఒట్లతో పనిలేదు, ఫోను ఇంకో గదిలో పెట్టండి. మధ్యలో ఒకరోజు తప్పిపోతే మర్నాడు రెండింతలు చేస్తానని పూనుకోవద్దు. అలా పూనుకున్నవాళ్లు మూడోరోజుకు మొత్తం మానేస్తారు. తప్పినరోజును అలాగే వదిలేసి, మర్నాడు మామూలుగా ఐదు చేయండి.

పెద్దవాళ్లకు

"ఫస్ట్ ర్యాంకు వస్తే బైకు కొనిస్తా" అనే ముందు ఒక పాత ప్రయోగం వినండి. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి, గీస్తే మంచి సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశపెట్టారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ లేదు. తర్వాత కొన్నాళ్లకు పిల్లల్ని వాళ్ల మానాన వదిలి చూస్తే, ఆశపడి గీసిన పిల్లలు మిగతావాళ్లు గీసిన సమయంలో సగమే బొమ్మల దగ్గర గడిపారు. ఇష్టంగా చేసే పనికి రేటు కట్టగానే అది కూలిపని అయిపోయింది. అసలు ఇష్టమే లేని పనికి చిన్న తాయిలం చూపించి మొదలుపెట్టిస్తే పెద్ద నష్టమేం లేదు. కానీ మీ అమ్మాయి తనంతట తాను కథల పుస్తకాలు చదువుతుంటే పేజీకి రూపాయి అని మాత్రం అనకండి.

పక్కింటి పిల్లలతో పోల్చడం గురించి ఇప్పటికే అందరూ చెప్పారు, ఎవరూ మానలేదు, నేను చెప్పినా మానరు. దానికి బదులు చేయదగ్గ పని ఒకటుంది. "ఎన్ని మార్కులొచ్చాయి?" అనే ముందు "ఎక్కడ ఆగిపోతున్నావు?" అని అడగండి. నోటుబుక్కు తెప్పించుకుని ఒక తప్పు దగ్గర ఇద్దరూ పది నిమిషాలు కూర్చోండి. మీకు ఆ లెక్క రాకపోయినా పర్వాలేదు. మీకు అర్థమయ్యేలా చెప్పమని అడగండి, మీరు అర్థంకాక బుర్ర గోక్కున్నచోట పిల్లవాడే మళ్లీ చూసుకుంటాడు.

ఇవన్నీ ఒక టర్ము పాటు నిజంగా చేసి చూశాక కూడా ఒక సబ్జెక్టు మీదికి మనసు పోకపోవచ్చు. అందులో తప్పేమీ లేదు. పాసు మార్కులు తెచ్చుకుని బయటపడండి, ఇష్టమున్న వైపు వెళ్లండి. పదో తరగతి తర్వాత ఎంపీసీ, బైపీసీ రెండే దారులన్నట్టు మాట్లాడతారు కానీ పాలిసెట్ రాసి డిప్లొమాకు వెళ్లొచ్చు, ఐటీఐలో ట్రేడ్ నేర్చుకోవచ్చు. అయితే లెక్కలు తప్పించుకోవడానికే అటు వెళుతున్నట్టయితే, దరఖాస్తు పెట్టకముందే ఆ కోర్సు మొదటి ఏడాది పుస్తకం ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని తిరగేయండి. ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో ఓమ్ నియమం ఉంటుంది. వోల్టేజీ, కరెంటు తెలిసి నిరోధం తెలియనప్పుడు దాన్ని కనుక్కోమంటారు. ఫిట్టర్‌కు కొలతలు, కోణాలు ఉంటాయి. అవి చూశాక కూడా ఆ పని మీద ఇష్టం నిలిస్తే వెంటనే చేరండి. కావాల్సిన నాలుగు లెక్కలు అక్కడి వర్క్‌షాపులో, చేతిలో మీటరు పెట్టుకుని నేర్చుకోవచ్చు.